ఆ ముఖాల్లో చావు లేదు

1912 జనవరి 18న దక్షిణ ధ్రువం దగ్గర తీసిన ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. బ్రిటిష్ యాత్రకు నాయకుడు స్కాట్, అతనితో ధ్రువం చేరిన విల్సన్, ఓట్స్, బోవర్స్, ఎవాన్స్. ముగ్గురు నిలబడ్డారు, ఇద్దరు కూర్చున్నారు. మంచు కొరికిన ముఖాలు. దాని గురించి రాసేవాళ్లు మాత్రం ఒకే మాట తిప్పితిప్పి రాస్తారు: ఈ కళ్లలో మృత్యువు కనిపిస్తోంది, తిరిగి రామని వాళ్లకి అప్పుడే తెలిసిపోయింది. ఈ మాట తప్పు. ఆ అయిదుగురికీ అన్యాయం చేసే తప్పు.

ముందు ఫొటో సంగతి. తీసినవాడు ఫొటోలోనే ఉన్నాడు. కూర్చున్న బోవర్స్ దారం లాగితే కెమెరా షట్టర్ పడింది. యాత్రతో వచ్చిన ఫొటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్ దగ్గర నేర్చుకున్న విద్య అది. రెండున్నర నెలల ప్రయాణం, డిసెంబరు నుంచి మంచుబండిని తామే లాగిన శ్రమ, ఎముకలు కొరికే చలి. అలాంటి చోట కదలకుండా ఉండమంటే ఎవరి ముఖమైనా అలాగే బిగుసుకుపోతుంది. నిరాశ ఉందా? ఉంది. 1911 డిసెంబరు 14నే అముండ్‌సెన్ అక్కడ నార్వే జెండా ఎగరేశాడు. స్కాట్ ఆ బాధను డైరీలో దాచుకోలేదు. కానీ పందెంలో ఓడినవాడు చావబోతున్నవాడు కాడు.

అముండ్‌సెన్ మనుషుల ఫొటో కూడా ఉంది. వాళ్లలో ఒకడైన ఒలావ్ బ్యోలండ్ తన సొంత కెమెరాతో తీశాడు. నలుగురు టోపీలు తీసి డేరా మీది జెండాను చూస్తున్నారు. వాళ్లే తిరుగుదారిలో చనిపోయి ఉంటే, ఆ వంగిన భుజాల్లో కూడా మనం విధినే చదివేవాళ్లం. క్షేమంగా వచ్చారు కాబట్టి అందులో విజయం చదువుతున్నాం. చదువుతున్నది ముఖాలను కాదు, మనకు ముందే తెలిసిన ముగింపును.

జనవరి 18కీ స్కాట్ చివరి డైరీ రాతకూ మధ్య పది వారాలున్నాయి. అసలు కథ అక్కడ ఉంది. 1911 ఫిబ్రవరిలో గుర్రాలు నీరసించిపోయాయని తిరుగుదారికి సరుకులు దాచే వన్ టన్ డిపోను అనుకున్న 80 డిగ్రీల అక్షాంశానికి 50 కిలోమీటర్లకు పైగా ఇవతలే పెట్టారు. ఇంకా ముందుకు పోదామని ఓట్స్ పట్టుబట్టాడు, స్కాట్ ఒప్పుకోలేదు. తిండి, డేరా నలుగురి లెక్కన అమర్చుకుని, చివరి దశలో అయిదో మనిషిని కలిపారు. ఆ అయిదోవాడే బోవర్స్. అతని దగ్గర స్కీలు కూడా లేవు, కాలినడకే. డిపోల్లో దాచిన డబ్బాల్లో కిరోసిన్ తగ్గిపోయింది. మార్చి చలి అంచనాలను మించింది. ఎవాన్స్ ఫిబ్రవరి 17న పోయాడు. ఓట్స్ మార్చి మధ్యలో డేరాలోంచి తనే లేచి మంచుతుఫానులోకి వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ వన్ టన్ డిపోకు 20 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయారు. డిపో మొదట అనుకున్నచోటే ఉండి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వదలదు. గుండె పగిలి చనిపోయారని ఫొటో చూపించి చెబితే, ఈ ప్రశ్న అడిగేవాడే ఉండడు.

వాళ్ల గుండె పగల్లేదనడానికి సాక్ష్యం డేరాలోనే దొరికింది. 1912 నవంబరు 12న వెతుకుతూ వెళ్లినవాళ్లకు మృతదేహాలతో పాటు కడగని ఫిల్మూ, సుమారు 16 కిలోల రాళ్లూ కనిపించాయి. ఫిబ్రవరి 8న బియర్డ్‌మోర్ హిమానీనదం పైభాగంలో, మౌంట్ బక్లీ కింద ఆగి ఏరిన రాళ్లవి. ఆ బరువే ప్రాణం మీదికి తెచ్చిందనేవాళ్లున్నారు. నాకు నమ్మకం లేదు, అయినా వాదించుకోవచ్చు. వాదించడానికి వీల్లేనిది ఒకటుంది: చావు ఖాయమనుకున్నవాళ్లు రాళ్లు మోసుకురారు. ఇంట్లో ఎవరికో చూపించాలనుకున్నవాళ్లే మోసుకొస్తారు.

ఆ రాళ్లలో ఆకుల ముద్రలున్నాయి. 1914లో వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ సీవార్డ్ వాటిని పరిశీలించి, అంతరించిన మొక్క గ్లాసోప్టెరిస్ ఇండికావని గుర్తించాడు. మన సింగరేణి బొగ్గు పొరల్లోనూ గ్లాసోప్టెరిస్ ఆకులు కనిపిస్తాయి. గోండుల నేల పేరు పెట్టుకున్న గోండ్వానా మహాఖండంలో అంటార్కిటికా, గోదావరి లోయ ఒకప్పుడు కలిసే ఉండేవనడానికి ఆ రాళ్లు బలమిచ్చాయి.

ఆ ఫొటో కింద ఒక్క వాక్యం రాసే అవకాశం నాకిస్తే ఇలా రాస్తాను: ఇది తీసిన ఇరవై ఒక్క రోజులకు వీళ్లు ఆగి, రాళ్లు ఏరుకున్నారు.