కోయగూడెం బడిలో ప్రతిభ అంటే ఏమిటి

భద్రాచలం ఏజెన్సీలో కోయ పిల్లల చదువు ఎందుకు ముందుకు సాగదన్న ప్రశ్నకు ఖమ్మం, కొత్తగూడెం పట్టణాల చదువరులు చెప్పే జవాబు దాదాపు ఒక్కటే. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనీ, పిల్లలకు అడవి మీద ఉన్న ధ్యాస పలక మీద ఉండదనీ, బయటి నుంచి ప్రతిభగల ఉపాధ్యాయులను పంపి వాళ్ళను వీలైనంత త్వరగా ‘ప్రధాన స్రవంతి’లో కలపడమే మార్గమనీ వారి వాదం. ఈ అభిప్రాయం ఊరి రచ్చబండల దగ్గరే ఆగిపోలేదు. చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పులోనూ దాని ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ తీర్పు కొట్టివేసినది 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన మూడో నంబరు జీవోను. షెడ్యూల్డ్ ప్రాంతాలలో, అంటే ఆదివాసులు అధికంగా నివసిస్తున్నందున రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రత్యేక రక్షణ కల్పించిన ప్రాంతాలలో, ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కాలని ఆ జీవో నిర్దేశించింది. బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఏజెన్సీ బడులకు సరిగా రాకపోవడం దీనికి ప్రభుత్వం చూపిన ముఖ్య కారణాలలో ఒకటి. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న ఆలోచననే అది గర్హించింది. పైగా ఇతరులను మినహాయించడం విద్యార్థులకే మేలు కాదన్నది. నూరు శాతం చెల్లుతుందా లేదా అన్నది న్యాయశాస్త్ర చర్చ, అందులో రెండు పక్షాలకూ బలమైన వాదనలున్నాయి. ఇక్కడ ఖండించవలసింది ఆ తీర్పుకు ఊతమిచ్చిన విద్యా భావనను, అంటే ఉపాధ్యాయుని ప్రతిభకు పిల్లవాడి భాషతో నిమిత్తం లేదన్న నమ్మకాన్ని.

కోయ భాష తెలుగుకు యాస కాదు. తెలుగు చేరే ద్రావిడ భాషా శాఖలోనే అదీ చేరినా, గోండికి అతి సన్నిహితమైనది, సొంత వ్యాకరణం ఉన్నది. పందొమ్మిదో శతాబ్దంలోనే దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ కోయల భాషనూ ఆచారాలనూ గురించి రాశాడు. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాండలికానికి స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. నది ఒడ్డు ఊళ్ళలో తెలుగే ఇంటి భాషగా మారిన కోయ కుటుంబాలు లేకపోలేదు గాని, చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేలలో పిల్లవాడు బడి గడప తొక్కేనాటికి వినికిడి తెలుగు తప్ప ఆలోచించే తెలుగు అతనికి ఉండదు. అలాంటి ఆరేళ్ళ పిల్లవాడు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే తల్లి వెంట ఇప్పచెట్టు కిందికి వెళ్ళి రాలిన పువ్వు ఏరుతాడు, ఏ చెట్టు ఎవరి ఇంటిదో చెబుతాడు, పువ్వు ఎండటానికి ఎన్ని ఎండలు కావాలో చెబుతాడు. అదే పిల్లవాడు తరగతి గదిలో నల్లబల్ల మీది అక్షరాలను గుండ్రంగా దించుకుంటాడు, పాఠాన్ని గొంతెత్తి చదువుతాడు, చదివినదాంట్లో ఏముందని అడిగితే తల వంచుకుంటాడు. ప్రశ్న అతనికి అర్థం కాలేదని గ్రహించే శక్తి లేని ఉపాధ్యాయుడు అతన్ని మందమతిగా లెక్కగడతాడు, ఏప్రిల్‌లో బడికి రాకపోవడాన్ని చదువు మీది అశ్రద్ధగా రాసుకుంటాడు. ఐదో తరగతి దాటేసరికి ఆ లెక్కే పిల్లవాడికి తన గురించి తనకున్న అభిప్రాయమైపోతుంది. ఇది పిల్లవాడి వైఫల్యం ఎలా అవుతుంది? ఒకటో తరగతి ఉపాధ్యాయునికి పిల్లల మాట తెలియడం అదనపు అర్హత కాదు, మొదటి అర్హత. అది లేనివాడు పోటీ పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఆ గదికి సంబంధించినంతవరకు ప్రతిభ లేనివాడే.

ఇది కొత్తగా పుట్టిన వాదం కాదు. నిజాం ప్రభుత్వ కాలంలోనే, 1943లో, ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం వెలసింది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు ప్రవేశపెట్టింది. ఆ వాచకం ఎంత చక్కగా ఉన్నా కోయ రాని ఉపాధ్యాయుని చేతిలో అది మూగ పుస్తకమే. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని అల్పసంఖ్యాక భాషల పిల్లల కోసం రాజ్యాంగం 350ఎ అధికరణంలో 1956 నుంచీ చెబుతూనే ఉంది.

ఈ మాట అందరికంటే ముందు అర్థం కావలసింది ఖమ్మం తెలుగువారికి. నిజాం రాజ్యంలో ఉర్దూ మాధ్యమం కింద నలిగి, తమ పిల్లలకు తమ భాషలో చదువు కావాలని ఆంధ్ర మహాసభ వేదికల మీద నిలబడి కోరినవారు వీరి పెద్దలే. ఆ సభ ఒకటి 1934లో ఖమ్మంలోనే జరిగింది. తెలుగు పిల్లవాడికి ఉర్దూ పాఠం తలకెక్కకపోతే అది పాలనలోని అన్యాయమనీ, కోయ పిల్లవాడికి తెలుగు పాఠం తలకెక్కకపోతే అది జాతి లక్షణమనీ అనడం ఏ న్యాయం? 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలయ్యాక ఆ పిల్లవాడికి అడ్డుగోడలు రెండయ్యాయి. ఇంగ్లీషు కావాలన్న కోయ తల్లిదండ్రుల కోరిక సమంజసమే. అయితే తెలిసిన భాష మీదుగా నడిపించకుండా తెలియని రెండు భాషలను ఒక్కసారే నెత్తిన పెట్టడం ఆ కోరికను తీర్చడం కాదు.

సంస్కృతి లేనివారికి సంస్కృతి నేర్పుతున్నామన్న అహంకారం కూడా పట్టణ చదువరుల అభిప్రాయంలో దాగి ఉంది. కోయల వంశచరిత్రలను, సమ్మక్క సారలమ్మల గాథను డోలు మీద గానం చేసిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతటి మౌఖిక చరిత్రను తరతరాలుగా కంఠస్థంగా కాపాడుకున్న జాతికి నేర్చుకునే శక్తి లేదనడం అజ్ఞానం. అయినా వసతిగృహాల్లో ‘కోయ’ అన్నది ఇప్పటికీ తోటివారిని ఎగతాళి చేసే మాటగానే చెలామణి అవుతోంది.

మూడో జీవోలో లోపం లేదని కాదు. 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలో నివాసం ఉన్నదా అని అది అడిగింది గాని, బోధించబోయే పిల్లల భాష వచ్చునా అని అడగలేదు. అందువల్ల కోయ గూడేనికి కోయ రాని గిరిజన ఉపాధ్యాయుడు రావడానికీ వీలుండేది. ఆ లోపాన్ని సరిదిద్దే దారి తీర్పు తర్వాత కూడా మూసుకుపోలేదు. ఏజెన్సీ ప్రాథమిక పాఠశాలల నియామక నిబంధనలలో ఆ గూడెం భాషలో మౌఖిక పరీక్షను తప్పనిసరి అర్హతగా చేర్చితే అది పుట్టుకను బట్టి ఎవరినీ వెలివేయదు. కోయ నేర్చుకున్న గిరిజనేతరుడికీ తలుపు తెరిచే ఉంటుంది, పుట్టుకతోనే కోయ మాట్లాడే దుమ్ముగూడెం యువతి ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కలోకి తీసుకోని తన ప్రతిభకు మార్కులు తెచ్చుకుంటుంది.