డప్పు ఎవరు వాయించారు?

మాలో ఒకరి ఇంట్లో అటక మీద పాత జానపద పాటల క్యాసెట్ దొరికింది. డబ్బాలోని మడత కాగితం విప్పి చూశాం. గాయకుల పేర్లున్నాయి, సంగీత దర్శకుడి పేరుంది, కీబోర్డు వాయించినాయన పేరూ ఉంది. డప్పు దగ్గర మాత్రం 'బృందం' అని వేశారు. ఆ బృందంలో ఒకరు మా మిత్రుని నాన్న. రికార్డింగుకు పట్నం పోయిన ముచ్చట ఆయన ఇప్పటికీ చెబుతాడు. చూపించుకోవడానికి పేరే లేదు.

పాటల వెంట వచ్చే కాగితం మా దృష్టిలో ముందుగా హాజరుపట్టీ. పొగడ్తలు తర్వాత. 'తేనెలొలికే గానం' అని రాయడమెందుకు? అది వినేవాడికి తెలియదా!

అమెరికాలో హ్యారీ స్మిత్ 1952లో ఫోక్‌వేస్ సంస్థ ద్వారా 84 పాత జానపద రికార్డులను ఒక సంకలనంగా తెచ్చాడు. దాని వెంట ఇచ్చిన పుస్తకంలో ప్రతి పాటకూ వరుస సంఖ్య, పాడినవారి పేరు, రికార్డయిన తేదీ, కథాగేయాలకైతే పాట కథ పేపరు హెడ్డింగులా రెండు ముక్కల్లో ఉంటాయి. ఇంతవరకు మాకు బాగా నచ్చింది. కానీ పాడినవారు నల్లవారో తెల్లవారో ఆయన కావాలనే రాయలేదు. దాంతో మిసిసిపి జాన్ హర్ట్ అనే నల్లజాతి గాయకుణ్ణి ఏళ్ల తరబడి తెల్లవాడనుకున్నారు.

ఇక్కడే మా గదిలో వాదన లేచింది. పుట్టుక చెప్పకపోతే పాటను పాటగా వింటారని కొందరు. చెప్పకపోతే మనం లేనట్టే లెక్క కడతారని కొందరు. చివరికి రెండో వైపే మొగ్గాం. కులం అచ్చు వేయమని కాదు. మనిషి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాస్తే చాలు, మిగతాది తెలిసేవారికి తెలుస్తుంది.

మేమూ తప్పు చేసినవాళ్లమే. 'ఊరు మనదిరా' ప్రతి వార్షికోత్సవంలో పాడాం. అది గూడ అంజయ్య రాసిందని డిగ్రీకి వచ్చేదాకా మాలో సగం మందికి తెలియదు. గద్దర్‌దే అనుకున్నాం.

ఈసారి మన హాస్టల్ పాటలు ఆరింటిని ఫోన్లో రికార్డు చేసి యూట్యూబులో పెడుతున్నాం. మెస్ అక్క పాడిన నాట్ల పాట కింద ఆమె పేరు, నేర్పిన మేనత్త పేరు రాశాం. ఐదో పాట మాత్రం ఎవరు కట్టారో తేలలేదు. మాకు సీనియర్లు నేర్పారు, వాళ్లకు వాళ్ల సీనియర్లు. ఆ చోటు ఖాళీగా ఉంచాం. తెలిసిన పూర్వ విద్యార్థులు సభ రోజు స్టేజీ పక్కన పెట్టిన నోటు పుస్తకంలో ఆ పేరు రాసి వెళ్లండి.