పొగచేపని చూసి నవ్వకండి



ఇంటి దగ్గర నుంచి అమ్మ పొగబెట్టిన చేప తెస్తే కొందరు ముక్కు మూసుకుని నవ్వుతారు. ఇది తప్పని నా అభిప్రాయం.

నర్సీపట్నంలో ఫ్రిజ్ ఉన్నవాళ్లు కూడా అందులో పచ్చిచేపని 1, 2 రోజులకి మించి ఉంచకూడదు. ఎండాకాలమైతే బయట గంటసేపు కూడా వదలకూడదు. మరి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. తాండవ రిజర్వాయరు చేపైనా, మా గెడ్డ చేపైనా ఎక్కువ దొరికిన రోజున ఏం చెయ్యాలి? పారెయ్యాలా?

మా అమ్మ వెంటనే పొట్ట చీరి పేగులు, మొప్పలు తీసేస్తాది. కుళ్లు మొదలయ్యేది అక్కడే. కడిగి, ఉప్పు రాసి, పొయ్యి మీద వెదురు తడక కట్టి పొగకి ఆరబెడతాది. తడి పోతే చేప నిలవుంటాది. సూక్ష్మజీవులు పెరగడానికి తడి కావాలని మన సైన్సు పాఠం చెబుతుంది. అమ్మ బడికి పోలేదు గానీ ఈ పాఠం ఆమెకి ముందే వచ్చు.

ఒక జాగ్రత్త. వాసన మారిన చేప ఎండబెట్టినా, పొగబెట్టినా మంచిది కాదు. కానగడత ఐసు లేక పాడైతే అందులో పుట్టే విషం ఉడికించినా పోదు. బూజు పట్టినదీ తినకూడదు.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: బాగా ఎండిన పొగచేపని మూత డబ్బాలో పెట్టుకోనివ్వండి. అది మురికి కాదు, మా అమ్మల తెలివి.

— 9వ తరగతి విద్యార్థిని