పంటికి తెల్ల ఫిల్లింగ్ సేఫేనా..? అసలు విషయం ఆ నీలి లైట్‌లోనే ఉంది!

పిప్పి పన్నుకు వెండి రంగు ఫిల్లింగ్ పెట్టే రోజులు పోతున్నాయి. అందులో దాదాపు సగం పాదరసమే. అందుకే యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది. 2034 నాటికి ప్రపంచమంతా మానేయాలని మినమాటా ఒప్పందంలోని దేశాలు 2025 నవంబర్‌లో జెనీవాలో నిర్ణయించాయి. 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించిన భారత్‌కూ ఇది వర్తిస్తుంది. అంటే ఇకపై పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్‌ల వాడకం ఇంకా పెరుగుతుంది. మరి అది పంటి లోపలి కణాలకు సేఫేనా?

లోపల ఏం జరుగుతుందంటే..

కాంపోజిట్ అంటే సన్నటి గాజు పొడి కలిపిన రెజిన్ పేస్ట్. నీలి లైట్ పడగానే అందులోని మోనోమర్లు అనే చిన్న అణువులు గొలుసులా అల్లుకుని గట్టిపడతాయి. చిక్కంతా ఇక్కడే. ఎంత బాగా చేసినా కొన్ని అల్లుకోకుండా మిగిలిపోతాయి. అవి మెల్లగా లాలాజలంలోకి, కొంత పంటి లోపలి పల్ప్ వైపు చేరతాయి.

టెగ్‌డీఎంఏ, హెమా లాంటి మోనోమర్లు కణాల్లో రక్షణగా ఉండే గ్లూటాథయోన్‌ను తగ్గిస్తాయని, డోసు పెరిగితే కణాలు చనిపోతాయని ల్యాబ్ పరీక్షల్లో తేలింది.

మరి భయపడాలా?

అక్కర్లేదు. ల్యాబ్‌లో కణాలపై మోనోమర్ నేరుగా పడుతుంది. నోట్లో అలా కాదు. మధ్యలో డెంటిన్ పొర అడ్డుగా ఉంటుంది, లాలాజలం పలచన చేస్తుంది. పుచ్చు పల్ప్ దాకా వెళ్లినప్పుడే రిస్క్ ఎక్కువ. అందుకే లోతైన పుచ్చుకు డాక్టర్లు ముందు అడుగున లైనర్ అనే రక్షణ పొర వేస్తారు.

ఏం అడగాలి?

మామూలు కాంపోజిట్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ప్రతి పొరకూ లైట్ పెట్టాలి. లైట్ వీక్‌గా ఉన్నా, దూరంగా పట్టుకున్నా అడుగున పచ్చిగా మిగిలిపోతుంది. పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది! పేషెంట్‌కు తెలిసే చాన్సే లేదు. లైట్ పవర్‌ను రేడియోమీటర్ అనే చిన్న మీటర్‌తో కొలవొచ్చు. 'లైట్ చెక్ చేయించారా డాక్టర్ గారూ?' అని అడగడంలో తప్పేం లేదు.

పాదరసం ఆపితే సగం పనే అయినట్టు. దాని స్థానంలో వచ్చే ఫిల్లింగ్ సేఫ్‌గా ఉండాలంటే, ప్రతి క్లినిక్‌లో ఆ లైట్ సరిగ్గా పనిచేయాల్సిందే.