ముందు చెల్లించిన విహారము - త్రోవలోని జాప్యము



సెలవులు సమీపించునప్పటికి బిడ్డలున్న ప్రతి గృహమందును ప్రయాణప్రసంగములే వినవచ్చుచుండును. పూర్వము యాత్ర యనగా కాశియో, తిరుపతియో, లేకున్న పుట్టినిల్లో. ఇప్పుడు వానితోపాటు వినోదవనములును చేరినవి. మన కొమార్తెలును కోడండ్రును అమెరికాలో కాపురములు చేయుచున్న కారణమున, ఫ్లోరిడా రాష్ట్రమందు ఓర్లాండో నగరము చెంతనున్న వాల్ట్ డిస్నీ వరల్డు పేరు మన యిండ్లలోని పసిబిడ్డలకు గూడ పరిచితమైనది. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన తెఱవబడిన యా ప్రదేశమందు నేడు నాలుగు పెద్ద వినోదవనములున్నవి. అచ్చటికి బోవువారు బసను, ప్రవేశపు టికెట్లను ఒక్క మూటగా గట్టించుకొని, నెలల ముందే సొమ్ము చెల్లించుట వాడుక. దీనికే ప్యాకేజీ యని పేరు.

ముందు చెల్లించుటలో సౌకర్యము లేకపోలేదు. వ్యయ మెంతయో తెలియును. బసకై వెదకులాట యుండదు. కాని చెల్లించిన సొమ్ము తేదీకి కట్టుబడి యుండును. ప్రయాణమన్ననో ఏ తేదీకిని కట్టుబడదు. గాలి, వాన, మంచు, యంత్రలోపము - వీనిలో ఏది వచ్చినను విమానము నిలిచిపోవును. ఈ రెంటి నడుమ నలిగిపోవునది సంసారుల కష్టార్జితము. ఆ నష్టము నెవరు భరింతురను ప్రశ్నకు సమాధానము, టికెట్టు కొనకమునుపే ఇల్లాలు తెలిసికొని యుండవలెను.

ఇట్టి యాత్రలో మనము మువ్వురితో బేర మాడుచున్నాము: విమానము నడుపువారు, బస యిచ్చువారు, వినోదవనమువారు. ప్రతివారును తమ సరకునకే పూచీ పడుదురు గాని పక్కవాని సరకునకు బాధ్యులు కారు. విమానము జాగైనచో విమానసంస్థ తన చార్జీని గూర్చియే మాటాడును. అమెరికా రవాణాశాఖ 2024లో చేసిన నిబంధన ప్రకారము, దేశము లోపలి విమానము 3 గంటలు గాని అంతకు మించి గాని, విదేశయానము చేయు విమానము 6 గంటలు గాని అంతకు మించి గాని ఆలసించినప్పుడు, ప్రయాణికుడు ఆ ప్రయాణము తనకు వలదన్నచో టికెట్టు వెల తిరిగి యీయవలెను. క్రెడిట్ కార్డుతో చెల్లించినవారికి 7 పనిదినములలో ఈయవలెను. "వలదన్నచో" అను మాటను గమనింపుడు. ఆలస్యముగనైనను ఎక్కి గమ్యము చేరినవారికి ఈ హక్కు లేదు. ఇక నష్టమైన బసను గూర్చి గాని, చేజారిన వినోదదినమును గూర్చి గాని ఆ నిబంధన పలుకనే పలుకదు.

వినోదవనపు టికెట్టు సంగతి వినుడు. 2018 అక్టోబరు మొదలు డిస్నీ వరల్డు టికెట్లను తేదీల ననుసరించి అమ్ముచున్నారు. ఒక్క దినపు టికెట్టు ఆ దినమునకే చెల్లును. నాలుగు దినముల టికెట్టును మొదటి తేదీనుండి 7 దినములలోపలను, ఐదు దినముల టికెట్టును 8 దినములలోపలను వాడుకొనవలెను. కావున నాలుగు దినముల టికెట్టు గలవారు ఒక దినము జాగుగ చేరినను, తిరుగుప్రయాణమునకు వ్యవధి యున్నంతవరకు నష్టపడరు. సరిగ నాలుగు దినములే పెట్టుకొని పోయినవారికి మాత్రము నాలుగింట ఒక పాలు పోయినట్లే. బొత్తిగా వాడని టికెట్టు గడువు దాటినచో సొమ్ము చేతికీయరు గాని, దాని వెలను క్రొత్త టికెట్టు వెలలో జమకట్టుదురు. ఒక్క దినము వాడినను ఆ వెసులుబాటు తొలగిపోవును.

ప్యాకేజీని రద్దు చేసికొనుటకు ఆ సంస్థవారు పెట్టుకొన్న గడువు లింతకంటె ముఖ్యములు. చేరవలసిన తేదీకి 30 దినములు గాని అంతకుముందు గాని మానుకొన్నచో సొమ్మంతయు తిరిగి వచ్చును. 29 దినములనుండి 2 దినములవరకు 200 డాలర్లు మినహాయింతురు. ఒక్క దినమే మిగిలినప్పుడు మానుకొన్నచో మొత్తము పోయినట్లే. విమానము రద్దైన వార్త మనకు తెలియునది సామాన్యముగ ఏనాడు? ఆ కడపటి దినముననే గదా! చేతిలో నున్న దయాగడువులన్నియు దాటిన పిమ్మటనే ఆపద వచ్చుట ఈ వ్యవహారమునందలి కీలకము. షరతులు మాఱుచుండును గనుక, ఎవరి కాగితమును వారు ఈ కన్నుతో ఒకమాఱు చదువుకొనవలెను.

తుపానులకు మాత్రమొక మినహాయింపు గలదు. చేరవలసిన తేదీకి 7 దినములలోపల ఓర్లాండో ప్రాంతమునకు గాని, మనము నివసించు ఊరికి గాని హరికేను హెచ్చరిక వెలువడినచో, ఆ సంస్థ తన రుసుము లేమియు గొనక తేదీ మార్చుకొననిచ్చును, లేదా మానుకొననిచ్చును. 2022 సెప్టెంబరు 28, 29 తేదీలలో ఇయాన్ అను హరికేను వలనను, 2024 అక్టోబరు 10వ తేదీన మిల్టన్ అను హరికేను వలనను ఆ వనములు మూతవడెను. అట్టి వేళల నీ మినహాయింపు పనికివచ్చును. కాని తుపాను మన ఊరనో, వారి ఊరనో గాక, విమానము మాఱవలసిన నడిమి ఊర నుండినచో? లేక అది హరికేను గాక మంచుతుపానైనచో? ఆ మాటలకు షరతులలో చోటు లేదు.

2022 డిసెంబరులో క్రిస్మసు పండుగనాళ్ళ నిట్లే జరిగెను. మంచుతుపానుతో మొదలై, పిదప సిబ్బందిని సమకూర్చు ఏర్పాట్లు కుప్పకూలుటచే, సౌత్‌వెస్ట్ విమానసంస్థ 16,000లకు మించిన విమానములను రద్దు చేసెను. మఱుసటి సంవత్సరము డిసెంబరులో రవాణాశాఖ ఆ సంస్థపై 14 కోట్ల డాలర్ల అపరాధము విధించెను. ప్రయాణికులకు టికెట్ల వెలగాను, వ్యయముల క్రిందను 60 కోట్ల డాలర్లకు పైబడి ముట్టెనని ఆ శాఖయే ప్రకటించెను. వ్యయముల క్రింద సొమ్ము కోరవలెనన్నచో రసీదులు చూపవలసినదే. గృహిణులు గుర్తుంచుకొనవలసిన దదియే.

ఐరోపాలో నీతి వేఱు. అచ్చటి సమాఖ్యవారు 2015లో చేసిన ప్యాకేజీ యాత్రల నిర్దేశము ప్రకారము, ప్రయాణమును బసను కలిపి ఒక్క చేతిమీదుగ అమ్మినవారు ఆ మొత్తమునకు బాధ్యులు. పారిస్ చెంత 1992లో తెఱచిన డిస్నీల్యాండునకు విమానముతో సహా ఒకే ప్యాకేజీ కొన్నవారు, త్రోవలో జరిగిన లోపమునకును అమ్మినవారినే అడుగవచ్చును. అవే వస్తువులను వేఱువేఱుగ కొన్నవారికి ఆ రక్ష యుండకపోవచ్చును. పది రూపాయలు చవుక యని విడివిడిగ కొనువారు ఈ భేదము నెఱుంగవలెను.

మన దేశమునందును ఆధారము లేకపోలేదు. 2016లో ఒక కుటుంబము రైలులో జమ్మూ చేరి, అచ్చటినుండి విమానమున శ్రీనగరమునకు బోవలసియుండెను. రైలు దాదాపు 4 గంటలు ఆలసించెను; విమానము తప్పిపోయెను. వారు టాక్సీలో పోవలసివచ్చుటయే గాక, దాల్ సరస్సుపై ముందుగ మాటాడుకొన్న పడవబసయు నష్టమయ్యెను. వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు పోయెను. ఆలస్యమునకు కారణమును రైల్వేవారు రుజువు చేయజాలనందున, 2021 సెప్టెంబరులో ఆ న్యాయస్థానము టాక్సీకి 15,000 రూపాయలును, బసకు 10,000 రూపాయలును ఈయవలసినదేయని తీర్పు చెప్పెను. న్యాయము దొరకినది గాని, సంవత్సరములు పట్టినది. బిడ్డల సెలవులు అంతకాలము వేచియుండవు. కావున వ్యాజ్యముకంటె జాగ్రత్తయే మేలు.

ఆ జాగ్రత్త లేవియన - మొదటిది, చేరు దినమునకును టికెట్టు మొదలగు దినమునకును నడుమ ఒక దినము విడుచుట. మన పెద్దలు ప్రయాణమునకు ముందే మూటను మంచివేళకు పొరుగింట "ప్రస్థాన"ముంచుట మీరెఱుంగుదురు. ప్రయాణమునకు కాలము చాలునట్లు ముందే అడుగు వేయుట అందలి మర్మమని నాకు తోచును. మఱునాటి స్వయంవరమునకు అయోధ్యనుండి విదర్భకు ఒక్క దినములో చేరవలసివచ్చిన ఋతుపర్ణునకు, అశ్వహృదయ మెఱిగిన బాహుకుడు సారథిగ దొరకెను. మనకట్టి సారథి దొరకడు.

రెండవది, హైదరాబాదునుండి ఓర్లాండోకు బోవువారు నడుమ విమానములు మాఱక తప్పదు. ఆ మజిలీలన్నియు ఒకే టికెట్టుమీద నుండవలెను. అట్లున్నచో మొదటిది జాగై రెండవది తప్పినప్పుడు, ముందరి మజిలీకి చేర్చు భారము విమానసంస్థదే యగును. వేఱు టికెట్టైనచో రెండవ సంస్థకు మనము రానివారమే.

మూడవది, చేరుట ఆలస్యమని తెలిసిన తక్షణమే హోటలునకు ఫోను చేయవలెను. మొదటి రాత్రి రానివారి బసను మొత్తముగ రద్దుచేయు హోటళ్ళు గలవు. నాలుగవది, విమానము జాగైనదని విసిగి కారులో బయలుదేరువారు ముందుగ విమానసంస్థతో మాటాడవలెను. పోవు టికెట్టును చెప్పక విడిచినచో రాకటికెట్టును గూడ కొట్టివేయుట పెక్కు సంస్థలకు పరిపాటి. ఐదవది, ప్రయాణపు బీమా తీసికొనువారు ప్యాకేజీ కొన్న దినములలోనే తీసికొనవలెను. తుపానునకు పేరు పెట్టిన పిమ్మట కొన్న బీమా ఆ తుపానునకు వర్తింపదు. ఎన్ని గంటల జాప్యమునకు సొమ్ము వచ్చునో పత్రమున చూడుడు. ఆరు గంటలో, పండ్రెండు గంటలో గడిచినగాని ఈయనివి పెక్కు. జాప్యమునకు కారణమును విమానసంస్థచేత వ్రాయించి తీసికొనుడు.

కడపట నొకమాట. దినము పోయినదను దుఃఖముచేత, మిగిలిన దినములలో బిడ్డలను తెల్లవాఱుజాము మొదలు నడిరాత్రివఱకు త్రిప్పు తల్లిదండ్రులు గలరు. నిద్ర లేని పసివాడు ఎండలో ఏడ్చుచుండగా, "ఇంత సొమ్ము పోసితిమి, చూడకున్న నెట్లు?" అని కసరుదురు. పోయిన సొమ్ము పోయినది. బిడ్డను అలయించినంతమాత్రమున అది తిరిగిరాదు. వెంటనున్న అత్తగారికి మోకాళ్ళనొప్పులు వచ్చినచో ఆ వ్యయ మదనము. చేరిన మొదటినాడు బిడ్డలకు కడుపునిండ తిండియు, కంటినిండ నిద్రయు నిండు. మఱునాడు వారు చూడగోరిన రెండు వింతలను నిదానముగ చూపుడు. ఇంటికి వచ్చిన పిదప వారు తలచుకొనునది ఆ రెంటినే గాని, మనము విడిచిన పదింటిని గాదు.