సర్కారు టెండర్లు - నేతగాని వంతు

సర్కారునకు గుడ్డ కావలయును. ఆసుపత్రి మంచమునకు దుప్పటి, వసతిగృహములోని బాలునకు తువాలు, కచేరీ కిటికీకి తెర, బంట్రోతునకు ఉడుపు - ఇవి యేనాడును తరుగని యవసరములు. వేటపాలెపు నేతగానికి పని కావలయును. దేశాయిపేట, జాండ్రపేట, ఈపూరుపాలెము మొదలగు పరిసరగ్రామములలో మగ్గమే యాధారముగ బ్రదుకు కుటుంబము లెన్నియో కలవు. కొనువాడును గలడు, నేయువాడును గలడు. ఈ యిరువురు ముఖాముఖిగ కలిసికొనుటకు అడ్డమేమి? చట్టమా? కాదు, చట్టము నేతగానికి వంతు చూపియే యున్నది. ఆ వంతు నందుకొనుటకు పెట్టిన షరతులే యడ్డము. ఈ సంగతి నీవారము మా పాఠకుల యెదుట పెట్టుచున్నాము.

మొదట చట్టము చూపిన వంతెట్టిదో చూతము. కేంద్ర ప్రభుత్వశాఖలకు కావలసిన ఖద్దరును ఖాదీ గ్రామోద్యోగ కమీషనునుండియే కొనవలెననియు, చేనేతగుడ్డను ఆ కమీషనునుండి గాని, చేనేత కార్పొరేషనుల, శిఖరసంఘముల సమాఖ్యయైన ఆకాష్ వారు గుర్తించిన సంస్థలనుండి గాని కొనవలెననియు 2017 నాటి సాధారణ ఆర్థికనియమావళిలోని 153వ నియమము మొదట చెప్పినది. 2012లో వెలువడిన కొనుగోలు ఉత్తరువు ప్రకారము కేంద్ర శాఖలును, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలును తమ కొనుగోళ్లలో నూటికి 20 వంతులు సూక్ష్మ, చిన్నపరిశ్రమల యొద్ద కొనవలెను. 2018లో దీనిని 25 వంతులకు పెంచిరి. అందు 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగలవారి పరిశ్రమలకును, 3 వంతులు స్త్రీల పరిశ్రమలకును ప్రత్యేకించిరి. ఈ వర్గమువారికి టెండరు ఫారపు రుసుము లేదు. టెండరుతో కట్టవలసిన ధరావతు లేదు. వీరి ధర కనిష్ఠధరకంటె నూటికి 15 వంతులలోపు హెచ్చుగ నున్నచో, ఆ కనిష్ఠధరకు దిగివచ్చి తమ భాగమును పొందవచ్చును. వినుట కెంత యింపుగ నున్నది!

కాని దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన పెద్దలు ఊరక యనలేదు. వర్గము చూపిన చట్టము ఆ వర్గపు టెల్లలను ఎచట గీసినదో చూడుడు. 2025 ఏప్రిల్ 1 నుండి యంత్రసామగ్రిపై రెండున్నర కోట్ల రూపాయలవరకు పెట్టుబడి, సాలీనా పదికోట్లవరకు వ్యాపారము గలది 'సూక్ష్మ' పరిశ్రమ. పాతిక కోట్ల పెట్టుబడి, నూరుకోట్ల వ్యాపారమువరకు 'చిన్న' పరిశ్రమ. ఇంటివసారాలో గుంటమగ్గముమీద కూర్చున్న నేతగాడును, వరుసగా మరమగ్గములు నడపు పదికోట్ల వ్యాపారియు నొకే పంక్తిని సూక్ష్ములుగ కూర్చుండవలసిన వారన్నమాట! 2019-20 నాటి నాల్గవ చేనేతగణనలో మూడింట రెండువంతుల చేనేత కుటుంబముల నెలరాబడి 5,000 రూపాయలకు లోబడియే యున్నది. అట్టివానిని, పదికోట్లవానిని ఒక్క విస్తరియందు కూర్చుండబెట్టి, 'మీ యిరువురకును సమానముగ వడ్డించితిమి' అనుట న్యాయమా?

ఇక షరతులు చూతము. టెండరు వేయువానికి గత మూడేండ్లలో ఇంత మొత్తపు వ్యాపారముండవలెను; ఇదివరలో సర్కారునకు ఇట్టి సరకు నిచ్చిన యనుభవముండవలెను - ఇవి కొనుగోలు నోటీసులలో సాధారణముగ గానవచ్చు మాటలు. చిన్నపరిశ్రమల విషయమున వీనిని సడలింపవచ్చునని ప్రభుత్వమువారే చెప్పియున్నారు. కాని 'సడలింపవచ్చును' అనుటకును, 'సడలింపవలయును' అనుటకును ఎంత దూరము! సడలించుట కొనుగోలు చేయు నధికారి యిష్టము. అనుభవము లేనివానికి పనినీయరు. పని నీయనివాని కనుభవ మెచటనుండి వచ్చును? ధరావతు లేదన్నమాట నిజమే. కాని కంట్రాక్టు చేతికి వచ్చిన పిమ్మట కట్టవలసిన పూచీసొమ్మున కా యుత్తరువు మినహాయింపు చూపలేదు. నూలు కొనుటకే షావుకారుపై నాధారపడిన నేతగాడు పూచీసొమ్ము నెచటనుండి తెచ్చును?

ఈ షరతులన్నియు తీర్చగలవా డొకడున్నాడు. అతడు నేయడు, నేయించును, లేదా ఎచటనో కొని తెచ్చును. లెక్కపుస్తకములు, బ్యాంకి ఖాతాలు, పాత కంట్రాక్టుల యోగ్యతాపత్రములు, అన్నియు నతనియొద్ద గలవు; మగ్గ మొక్కటే లేదు. వంతు నేతగాని పేర నేర్పడినది. అది పోయి చేరునది మగ్గములేనివాని చేతికి. చేనేత ముద్రక్రింద మరమగ్గపు గుడ్డ చెల్లుబాటగుట కిదియే సందు. చీర, ధోవతి, తువాలు, లుంగీ, దుప్పటి మొదలగు కొన్నిరకములను నిర్ణీతలక్షణములతో చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేసిరి. సుప్రీముకోర్టు 1993లో దానిని సమర్థించినది. మొదట 22గా నుండిన యా రకములు తరువాత 11కు తగ్గినవి. చట్టమున్నది, ముద్రయున్నది, 2006 నుండి చేనేతగుర్తును నడుపుచున్నారు. ఐనను కాగితమును పరీక్షించు కన్నులు మగ్గమును పరీక్షింపకున్నంతకాలము కంచెయే చేను మేయుచుండును.

ఈ విషయమున అమెరికాదేశపు పద్ధతి కొంత నేర్వదగినది. అచట 1953 నాటి చిన్నవ్యాపార చట్టము మొదలు చిన్నవారికి సర్కారు కంట్రాక్టులలో వంతు కలదు; నేడు నూటికి 23 వంతులను లక్ష్యముగ పెట్టుకొన్నారు. చిన్నవారికై ప్రత్యేకించిన సరఫరా కంట్రాక్టులలో, వచ్చిన సొమ్మున సగమునకు మించి తనవంటి చిన్నవాడు కాని యితరునికి చెల్లింపరాదని సామాన్యనియమము. వర్గపు పేరు పెట్టుకొని పని పెద్దవానికి అప్పగించుట కిది కళ్లెము. మన కొనుగోలు నియమములలోను ఇట్టి కళ్లెము గట్టిగ నుండవలదా?

అధికారివైపు మాటయు వినవలసినదే. ఆతడు ఖర్చుపెట్టునది ప్రజల సొమ్ము. రెండు ఉతుకులకు రంగు వెలిసిపోవు దుప్పటిని, కొలత చాలని తువాలును దయచేత కొనుమని మేము చెప్పము. ప్రభుత్వమువారు నడపు జెమ్ అను విపణిలో ఒక్కొక్క వస్తువర్గమునకు ఒక్కొక్క లక్షణపట్టిక గలదు: పొడవు, వెడల్పు, నూలు నంబరు, అంగుళమునకు పడుగుపోగు లెన్ని, పేకపోగు లెన్ని, రంగు నిలుకడ యెంత. ఇవి యుచితములు. గుడ్డను గూర్చి యెంత కఠినపరీక్ష పెట్టినను మేము స్వాగతించెదము. చీరాల తేలియా రుమాళ్లు ఒకనాడు సముద్రములు దాటి అరబ్బుదేశముల కేగినవి; ఆ బేరగాండ్రు దయతలచి కొన్నవారు కారు. మా యభ్యంతర మొక్కటియే: పరీక్ష గుడ్డకు పెట్టుడు, మగ్గమునకు పెట్టుడు, లెక్కపుస్తకపు లావునకు పెట్టకుడు.

కనుక ప్రభుత్వమువారిని మేము కోరునవి నాలుగు. చిన్నపరిశ్రమల 25 వంతులలో స్త్రీలకు ప్రత్యేకించినట్లే చేనేత సహకారసంఘములకును ఒక వంతు ప్రత్యేకింపవలెను. గతవ్యాపారపు మొత్తమునకు బదులు సంఘములో నడచుచున్న మగ్గముల సంఖ్యను అర్హతకు కొలతగ పెట్టి, పెద్ద కంట్రాక్టులను ఆ శక్తికి తగిన ముక్కలుగ విడదీయవలెను. గుడ్డ గిడ్డంగికి చేరకమునుపే మగ్గమువద్ద తనిఖీ జరుపవలెను. నాల్గవది, సొమ్ము వేళకు చెల్లింపవలెను. చిన్నపరిశ్రమల సరకు నంగీకరించినపిమ్మట 45 దినములకు మించి జాగుచేయరాదనియు, జాగైనచో బ్యాంకు రేటునకు మూడురెట్లు వడ్డీ చక్రవడ్డీగ నీయవలెననియు 2006 నాటి చట్టము శాసించుచున్నది. గుడ్డ నిచ్చి సొమ్మునకై కాచుకొనియుండుట నేత సంఘములకు క్రొత్తగాదు. నేతగాని మూలధనము కచేరీ బీరువాలో నిద్రించుచుండగా అతడు మరల నూలెట్లు కొనును?

ఇంతటితో మా లేఖిని యాగినచో సగము ధర్మమే చెప్పినవారమగుదుము. తప్పు సర్కారుదే యని చేతులు కట్టుకొని కూర్చుండుట మనకును తగదు. ఒంటిమగ్గమువాడు టెండరు వేయజాలడు, సంఘము వేయగలదు. ఎన్నికలనాడు మేల్కొని మిగిలినదినములు నిద్రించు సంఘము గాక, నెలనెలకు లెక్కలు సభ్యులకు చదివి వినిపించు సంఘము కావలెను. ఉద్యమ్ నమోదు చేయించుకొనునపుడు 'వ్యాపార' మని వ్రాయించుకొనరాదు. నేయువారు 'ఉత్పత్తి' యని వ్రాయింపవలెను. వర్తకులను 2021లో ఆ పట్టికలో చేర్చుకొనుట బ్యాంకుల ప్రాధాన్యరుణములకే గాని, కొనుగోలు వంతులకు గాదు. ఈ యొక్కమాట తప్పుగ నమోదైనచో వంతు చేజారును. చేనేతలో పనిచేయువారిలో నూటికి 72 మంది స్త్రీలని గణన చెప్పుచున్నది. కండెలు చుట్టునది ఆమె, నేయునదియు పలుతావుల ఆమెయే. కాని పరిశ్రమ పురుషుని పేర నుండును. ఆమె యజమానురాలైనచో, లేక భాగస్వామ్యములో 51 వంతులు స్త్రీలవైనచో, ఆ 3 వంతులకును హక్కు గలుగును. ఇంటిలో గౌరవమును సర్కారులో హక్కును ఒక్క సంతకముతో వచ్చుచుండగా మనమేల వెనుదీయవలెను?

మరియొక మాట. ఈ షరతులు చదువువారేరి? వేటపాలెమున 1918లో సారస్వతనికేతనమును నెలకొల్పిన పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా భావింపలేదు; ప్రజలకు కన్ను తెరపించు స్థానముగ భావించిరి. ఆంధ్రదేశపు పఠనమందిరములలో వారమున కొక సాయంకాలము టెండరు నోటీసులను తెలుగున చదివి, షరతుల నొక్కటొక్కటిగ విప్పిచెప్పినచో ఎంత మేలు! ఇంగ్లీషు తెలిసిన మన యువకులు అర్జీ వ్రాయుటలో, కంప్యూటరుపై బిడ్డు పెట్టుటలో సంఘమునకు చేయూత నీయవచ్చును. నేటి గ్రంథాలయసేవ యిది.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తాలో స్వదేశీప్రతిజ్ఞ పట్టిన దినమును 2015 నుండి జాతీయ చేనేతదినముగ జరుపుకొనుచున్నాము. ఉపన్యాసములు వినుచున్నాము, మెడలో నూలుమాల వేసికొనుచున్నాము. ఆనాటి స్వదేశీప్రతిజ్ఞ ప్రజలు కొనుగుడ్డను గూర్చినది. నేడు దేశములో మిక్కిలి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. ఆ కొనుగోలుదారు తన ప్రతిజ్ఞను టెండరు షరతులలో వ్రాసి చూపవలెను. అది చూపునంతవరకు మనము చదువుదము, అడుగుదము, సంఘముగ నిలిచి టెండరు వేయుదము. నేతగాడు కోరునది భిక్షము కాదు. తన పేరున రాసిపెట్టిన వంతు తన మగ్గమువద్దకు చేరవలెననియే యతని కోరిక.