సరిహద్దు ఆవలి ఇల్లు అమ్మే ముందు

మన ప్రాంతంలో రెండవ ఇల్లు అనగా విలాసం కోసం కొన్నది కాదు. వేపనపల్లి పక్క పల్లెలో తండ్రి కట్టుకొన్న పెంకుటిల్లు ఒకటి, కొడుకు ఉద్యోగరీత్యా హోసూరులోనో, కుప్పంలోనో, బెంగుళూరులోనో కొన్న ఇల్లు మరొకటి. పెద్దలు గతించిన పిదప పాత ఇంటికి తాళం పడుతుంది. రెండు వానకాలాలకు కప్పు కారుతుంది. అప్పుడు అమ్మకం మాట వస్తుంది, మరునాడే బయానా చేతికి వస్తుంది. లెక్క మాత్రం ఆ తర్వాత చూస్తున్నారు. ఇది తలక్రిందుల వరుస.

పన్ను విషయంలో రెండు అపోహలు మన ఊళ్ళలో బాగా పాతుకొని ఉన్నవి. పల్లెలోని ఆస్తికి పన్ను లేదన్నది మొదటిది. ఆ మినహాయింపు పట్టణాలకు నిర్ణీత దూరంలో ఉన్న వ్యవసాయ భూమికే గాని ఇంటికి, ఇంటి స్థలానికి కాదు. రెండవది, 2025-26 నుండి 12 లక్షల వరకు పన్ను లేదు గనుక ఇంటి లాభానికీ లేదనుకోవడం. ఆ రిబేటు జీతం వంటి మామూలు ఆదాయానిదే. ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభానికి అది వర్తించదు. అయితే దేశంలో నివసించే వ్యక్తికి వేరే ఆదాయం లేనప్పుడు, కొత్త పద్ధతిలోని 4 లక్షల మూల మినహాయింపును ఈ లాభంలో నుండి తగ్గించుకోవచ్చును. నలుగురు వారసులు కలిసి అమ్మితే ఎవరి వాటాకు వారిదే లెక్క. ఈ సంగతి తెలియక ఒక్కరి పేరనే మొత్తమంతా చూపి నష్టపోయినవారు ఉన్నారు.

ఇక 2024 జూలై 23న వచ్చిన మార్పు. ఆ తేదీ నుండి, రెండేండ్లకు మించి ఉంచుకొన్న ఇంటి లాభంపై పన్ను 12.5 శాతమైంది, ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి చూపే వీలు పోయింది. ఆందోళన రేగిన మీదట, ఆ తేదీకి ముందే సంపాదించిన ఇండ్లు, స్థలాల విషయంలో దేశవాసులైన వ్యక్తులకు పాత పద్ధతి (సూచీతో 20 శాతం), కొత్త పద్ధతి రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టే అవకాశం ఇచ్చారు. వారసత్వపు ఇంటికి తండ్రి పెట్టిన ఖర్చే మన ఖర్చు. 2001 ఏప్రిల్ 1కి ముందటి ఇల్లయితే ఆనాటి విలువను తీసుకోవచ్చును, కాని అది ఆనాటి ప్రభుత్వ విలువను మించరాదు.

ఉదాహరణకు 2001లో 4 లక్షల విలువ గల పల్లె ఇల్లు 2025-26లో 18 లక్షలకు అమ్ముడయిందనుకొందాం. కొత్త పద్ధతిలో 14 లక్షలపై 1,75,000 రూపాయల పన్ను. పాత పద్ధతిలో సూచీ 376 గనుక 4 లక్షలు 15.04 లక్షలవుతుంది. మిగిలిన 2.96 లక్షలపై 59,200 మాత్రమే. అదే విలువ గల హోసూరు ఇల్లు 80 లక్షలకు పోతే కొత్త లెక్కలో 9,50,000, పాత లెక్కలో 12,99,200. రెండింటికీ 4 శాతం సెస్సు అదనం. ధర మెల్లగా పెరిగిన పల్లెకు పాత దారి, పరిశ్రమలు వచ్చి ధర ఎగసిన ఊరికి కొత్త దారి అనుకూలమని దీనివల్ల తేలుతున్నది. అమెరికాలో స్థిరపడిన తమ్ముని వాటాకు మాత్రం ఈ ఎంపిక లేదు, పైన చెప్పిన 4 లక్షల సర్దుబాటూ లేదు. కొనేవారు అతని వాటా సొమ్ములో పన్ను కోసుకొనే ఇస్తారు.

పన్నుకన్నా ఎక్కువ తగవులు సంతకాల దగ్గర వస్తున్నవి. మా నాన్నగారి ఇంటి అమ్మకంలో పలమనేరులో ఉన్న అక్కయ్య పేరు పత్రంలో లేదు. పెండ్లయి అటు వెళ్ళిందిగదా అని లేఖరి అన్నాడు, మేమూ తల ఊపాము. కొనేవారి వకీలు పట్టుకొన్నాడు. బేరం పదినెలలు ఆగింది, అక్కయ్య మనసు కష్టపెట్టుకొన్నది. ఆ తప్పు మాది. తండ్రి స్వార్జితమైన ఇంటికి వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కొడుకుతో సమంగా కూతురికీ, తల్లికీ హక్కు ఉన్నది. పెండ్లితో అది పోదు. తమిళనాడు 1989 సవరణ పెండ్లయినవారిని వదిలిందని కొందరు వాదిస్తారు. అది ఉమ్మడి ఆస్తి మాట. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా కూడా పోయింది.

ఆవలి రాష్ట్రంలో ఉన్న ఆడపడుచు ప్రయాణం చేయలేకపోతే, తన ఊరి సబ్ రిజిస్ట్రారు ఎదుట ధృవీకరించిన పవరు పత్రం పంపవచ్చును. అమ్మకం పత్రం మాత్రం ఇల్లున్న చోటనే రిజిస్టరు కావలెను. తమిళంలో ఉన్న పాత పత్రాలను, విల్లంగ పత్రాన్ని చదువరి చేత చదివించుకొని తెలుగులో వ్రాసి పెట్టుకొంటే అక్కచెల్లెళ్ళకూ అర్థమవుతుంది.

పత్రంలో ధర తగ్గించి వ్రాసే అలవాటు మానవలెను. ప్రభుత్వ గైడ్‌లైన్ విలువకన్నా 10 శాతానికి మించి తగ్గితే పన్ను ఆ విలువమీదనే పడుతుంది. బయానాగా 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకొనడం కూడా నిషిద్ధం.

లాభంతో మరో ఇల్లు కొంటే పన్ను తప్పుతుంది. ఎన్ని ఇండ్లు ఉన్నవారికైనా ఈ వీలుంది, కొత్త ఇల్లు ఏ రాష్ట్రంలోనైనా ఉండవచ్చును. అమ్మకానికి ఏడాది ముందుగాని, రెండేండ్ల లోపు గాని కొనవలెను, కట్టుకొంటే మూడేండ్లు. పెట్టవలసింది లాభమే, అమ్మిన ధర అంతా కాదు. రిటర్ను గడువులోపు కొనలేకపోతే ఆ మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయవలెను. మామూలు పొదుపు ఖాతాలో ఉంచి, తర్వాత కొన్నాము గదా అంటే చెల్లకపోవచ్చును.